సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారుని వెనక నుంచి గుద్దారు: తప్పు నాది కాకపోయినా ప్రీమియం పెరుగుతుందా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. కూకట్‌పల్లి జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర రెడ్ పడితే ఆగారు. వెనక నుంచి ట్రాలీ ఆటో వచ్చి గుద్దింది. బంపర్ పగిలింది, డిక్కీ డోర్ లోపలికి పోయింది, ఎడమవైపు టెయిల్ ల్యాంప్ పోయింది. షెడ్డులో 38,000 ఎస్టిమేట్ ఇచ్చారు. కారు 1197 సీసీ, కొని ఐదో ఏడు నడుస్తోంది, ఇప్పటిదాకా ఒక్క క్లెయిమ్ లేదు. ఈ పాలసీలో మీకు 45 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉంది, ఇంకో రెండు నెలల్లో రెన్యువల్. ఏజెంటేమో "తప్పు మీది కాదు కదా సార్, క్లెయిమ్ వేసినా ప్రీమియం పెరగదు" అన్నాడు. టెక్సస్‌లో ఉన్న మీ బావగారు "గుద్దినవాడి ఇన్సూరెన్సే కట్టాలి, నువ్వెందుకు క్లెయిమ్ వేస్తావ్" అన్నారు. ఈలోపు ఇంకో కంపెనీ వెబ్‌సైట్‌లో 50 శాతం బోనస్‌తో తక్కువ కొటేషన్ కనిపించింది. మూడు మాటలూ విని ఏం చెయ్యాలో తోచక టెన్షన్ పడుతున్నారు.

నేను ఇరవై రెండేళ్ళుగా మోటారు సర్వేయర్‌ని, అంటే దెబ్బతిన్న బళ్ళు చూసి నష్టం ఎంతో లెక్కకట్టే పని నాది. మొదట గుంటూరు, విజయవాడ వైపు, తర్వాత హైదరాబాద్‌లో. ఇలా వెనక నుంచి దెబ్బతిన్న బళ్ళు వందల్లో చూశాను. ఆ ఓనర్లందరూ నన్ను అడిగింది మీరు అడిగిన ప్రశ్నే, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

ముందు అసలు విషయం. మన దేశంలో మీ ప్రీమియం లెక్క వేసేటప్పుడు తప్పు ఎవరిదని ఎవరూ చూడరు. మీ పాలసీ మీద క్లెయిమ్ తీసుకున్నారా లేదా, అదొక్కటే చూస్తారు. మీరు సిగ్నల్ దగ్గర బుద్ధిగా ఆగి ఉన్నా, రాంగ్ రూట్‌లో వెళ్ళి డివైడర్‌కి కొట్టుకున్నా, క్లెయిమ్ డబ్బు మీ పాలసీ నుంచే వస్తే బోనస్ సున్నా అయిపోతుంది. ఇది అన్యాయంగా అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. కానీ రూల్ అదే. బోనస్ పేరే నో క్లెయిమ్ బోనస్ కదా, నో ఫాల్ట్ బోనస్ కాదు. మీ ఏజెంట్ చెప్పింది తప్పు.

మీ బావగారు చెప్పింది వాళ్ళ దగ్గర నిజమే. అక్కడ తప్పు ఎవరిదో ఇన్సూరెన్స్ కంపెనీలే తేల్చుకుని, తప్పు చేసినవాడి కంపెనీ నుంచి కట్టించడం మామూలు. కాలిఫోర్నియాలో అయితే 1988లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 103 అనే చట్టం వల్ల, తప్పు లేని డ్రైవర్‌కి యాక్సిడెంట్ పేరు చెప్పి ప్రీమియం పెంచడానికి వీల్లేదు. మిగతా రాష్ట్రాల్లో ఒక్కోచోట ఒక్కో పద్ధతి. మన దగ్గర అలా కాదు. ఎవరి బండి డ్యామేజీ వాళ్ళ కంపెనీ కట్టుకోవడం ఇక్కడ అలవాటు. కంపెనీల మధ్య దీన్నే నాక్ ఫర్ నాక్ అంటారు. కస్టమర్‌కి పని త్వరగా అవుతుంది, అది మంచిదే. కానీ బోనస్ పోయే బాధ మాత్రం తప్పు చేయని మనిషి మీద పడుతుంది.

ఇప్పుడు ప్రీమియంలో ఏది మారుతుంది, ఏది మారదు అన్నది. మీరు కట్టే మొత్తంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ, అంటే మీ బండి వల్ల ఇతరులకి జరిగే నష్టానికి. రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మీ బండికే జరిగే నష్టానికి. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించేది. 2022 జూన్ 1 నుంచి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ దాటి 1500 లోపు ఉన్న సొంత కారుకి ఏడాదికి 3,416 రూపాయలు. మీరు పది క్లెయిములు వేసినా, ఒక్కటీ వేయకపోయినా, ఏ కంపెనీకి వెళ్ళినా ఇది కదలదు. కదిలేదంతా ఓన్ డ్యామేజ్ ముక్కలోనే. బోనస్ కూడా దాని మీదే. ఒక ఏడు క్లెయిమ్ లేకపోతే 20 శాతం, రెండేళ్ళకి 25, మూడేళ్ళకి 35, నాలుగేళ్ళకి 45, ఐదేళ్ళకి 50. అక్కడితో ఆగిపోతుంది. ఒక్క క్లెయిమ్ పడితే మెట్టు మెట్టుగా కాదు, ఒకేసారి సున్నాకి దిగిపోతుంది.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. బోనస్ పోతే ఆ ఒక్క ఏడాది ఎక్కువ కడితే సరిపోతుంది అనుకుంటారు. మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి కాబట్టి నష్టం ఐదేళ్ళపాటు సాగుతుంది. మీ లెక్కే వేద్దాం. బోనస్ తగ్గింపు పడకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 9,000 అనుకోండి. క్లెయిమ్ వేయకపోతే వచ్చే రెన్యువల్‌కి మీకు 50 శాతం వస్తుంది, తర్వాత కూడా 50 దగ్గరే ఉంటుంది, ఏటా 4,500 కడతారు. క్లెయిమ్ వేస్తే మొదటి ఏడు 9,000, రెండో ఏడు 7,200, మూడో ఏడు 6,750, తర్వాత 5,850, ఆ తర్వాత 4,950. తేడాలన్నీ కూడితే 11,250. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 13,275. కారు పాతబడేకొద్దీ ఐడీవీ (పాలసీలో కారుకి కట్టిన విలువ), దానితో పాటు ప్రీమియం తగ్గుతాయి కాబట్టి నిజంగా పోయేది ఇంకొంచెం తక్కువే ఉంటుంది. ఆ తేడా పెద్దది కాదు.

దీన్ని గుర్తుపెట్టుకోవడానికి నేను వాడే సులువు ఒకటుంది. 50 శాతం అందుకోబోతున్న మనిషి క్లెయిమ్ వేస్తే, ఐదేళ్ళలో పోయేది బోనస్ తగ్గింపు పడకముందు ఉన్న ఒక ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియానికి ఒకటింపావు వంతు. అదే కొత్త కారు కొని మొదటి ఏడాదిలోనే క్లెయిమ్ వేసినవాడికి పోయేది సగం వంతే, ఎందుకంటే వాడింకా ఎక్కిన మెట్లే లేవు. మధ్యలో ఉన్నవాళ్ళకి, అంటే వచ్చే రెన్యువల్‌కి 35 రావాల్సిన మనిషికి, సుమారుగా ఒక ఏడాది ప్రీమియం అంత పోతుంది. మీ పాత పాలసీ కాగితంలో ఓన్ డ్యామేజ్ వరస చూసి ఈ లెక్క మీరే వేసుకోవచ్చు, ఏజెంట్‌ని అడగక్కర్లేదు.

పోయేది తెలిసింది కదా, ఇప్పుడు వచ్చేది చూద్దాం. మీ 38,000 ఎస్టిమేట్ మొత్తం కంపెనీ కట్టదు. పోయిన రెన్యువల్‌లో ప్రీమియం తగ్గించడానికి జీరో డెప్ (పార్టుల తరుగు కోయకుండా కట్టే కవర్) తీసేశామని మీరే రాశారు. కాబట్టి పార్టుల మీద తరుగు పడుతుంది. ప్లాస్టిక్‌కి 50 శాతం. ఇనుప భాగాలకి బండి వయసుని బట్టి తరుగు, మీ కారు నాలుగేళ్ళు దాటి ఐదులోపు ఉంది కాబట్టి 35 శాతం. అద్దానికి తరుగు లేదు, మీకు వెనక అద్దం బాగానే ఉందన్నారు. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతుని మెటీరియల్‌గా లెక్కేసి దాంట్లో సగం తీసేస్తారు. లేబర్ పూర్తిగా ఇస్తారు.

మీ ఎస్టిమేట్‌లో అంకెలు పెట్టి చూస్తే ఇలా వస్తుంది. బంపర్ 6,500 అయితే చేతికి వచ్చేది 3,250. టెయిల్ ల్యాంప్ 4,200 అయితే 2,100. డిక్కీ డోర్ 13,000 అయితే 8,450. పెయింటింగ్ 9,000 అయితే 7,875. లేబర్ 5,300 మొత్తం. అన్నీ కలిపి 26,975. ఇందులోంచి 1500 సీసీ లోపు కార్లకి తప్పనిసరిగా తీసేసే 1,000 పోతే 25,975. అంటే షెడ్డులో మీ జేబునుంచి 12,025 కట్టాలి. వచ్చే ఐదేళ్ళలో ఇంకో 13,275 ప్రీమియం రూపంలో పోతుంది. పైకి 26 వేల క్లెయిమ్ అని కనిపించినా, మీకు నిజంగా మిగిలేది సుమారు 12,700 మాత్రమే.

ఈ 12,700 అన్న అంకెని పట్టుకోండి. మీ నిర్ణయమంతా దాని మీదే ఉంది. ట్రాలీ ఆటో ఓనర్ మీకు 5,000 ఇస్తానన్నాడని రాశారు. అది తీసుకుని క్లెయిమ్ వదిలేస్తే మీకు నష్టం. అదే అతను 12,700 దగ్గర్లో ఇస్తే, క్లెయిమ్ వేసినా వేయకపోయినా మీకు సమానం. అంతకంటే ఎక్కువ ఇస్తే క్లెయిమ్ ముట్టుకోకండి, 50 శాతం బోనస్ భద్రంగా ఉంటుంది.

ఓనర్‌తో మాట్లాడటానికి రోడ్డు మీద కాకుండా షెడ్డుకి పిలవండి. బంపర్ ఊడదీసి లోపల చూపించండి. మీలాంటి కేసుల్లో పైన చూసిన సొట్ట చిన్నదే ఉంటుంది, బంపర్ తీస్తే లోపల అడ్డంగా ఉండే ఇనుప బార్ వంగి ఉంటుంది. డిక్కీ మ్యాట్ ఎత్తి స్టెప్నీ తీస్తే, అది కూర్చునే గిన్నెలాంటి భాగంలో రేకు ముడత పడి ఉంటుంది. డిక్కీ డోర్ మూస్తే ఒకవైపు గ్యాప్ వేలు దూరేంత, రెండోవైపు గోరు కూడా దూరనంత. ఇవి కళ్ళారా చూశాక ఓనర్ల మాట మారడం నేను చాలాసార్లు చూశాను. వాళ్ళూ కష్టపడి బతికేవాళ్ళే, గొడవ పడక్కర్లేదు. ఎస్టిమేట్ కాగితం చేతికిచ్చి నిదానంగా మాట్లాడండి. డబ్బు ఫోన్ ద్వారా తీసుకోండి, ఒక తెల్ల కాగితం మీద ఏ యాక్సిడెంట్‌కి ఎంత తీసుకున్నారో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. మరమ్మతులో లోపలి భాగాలు కూడా ఉంటే ఎస్టిమేట్ 38,000 దాటుతుంది, అప్పుడు పై లెక్క మళ్ళీ వేసుకోవాలి. అందుకే బంపర్ ఊడదీయకముందే ఎవరితోనూ రేటు మాట్లాడుకోకండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. అతని దగ్గర పూర్తి పరిహారం తీసుకుని, "ఇక ఏ క్లెయిమూ లేదు" అని రాసిచ్చి, మళ్ళీ మీ కంపెనీలో క్లెయిమ్ వేయకూడదు. క్లెయిమ్ కట్టాక ఆ నష్టాన్ని అవతలివాళ్ళ దగ్గర రాబట్టుకునే హక్కు మీ కంపెనీకి వెళుతుంది. మీరు ముందే రాసిచ్చేస్తే ఆ హక్కుని దెబ్బతీసినట్టు అవుతుంది. కొంత తీసుకున్నా సరే, సర్వేయర్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మేము చూసేది బండిని మాత్రమే కాదు, ఓనర్ చెప్పే కథ బండి మీద దెబ్బతో సరిపోతుందా లేదా అన్నది కూడా చూస్తాం.

మీ బావగారు చెప్పిన దారి, అంటే అవతలి బండి ఇన్సూరెన్స్ నుంచి రాబట్టడం, మన దగ్గర లేదని కాదు, ఉంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 166 కింద యాక్సిడెంట్ పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయవచ్చు. మనుషులకి దెబ్బలు తగిలినప్పుడే కాదు, ఆస్తి నష్టానికి కూడా. థర్డ్ పార్టీ పాలసీలో ఆస్తి నష్టం కవర్ సాధారణంగా 7.5 లక్షల దాకా ఉంటుంది. అలా రాబట్టుకుంటే మీ పాలసీ మీద క్లెయిమ్ పడదు, బోనస్ అలాగే ఉంటుంది. కానీ దానికి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు కావాలి, అవతలి బండి పాలసీ, డ్రైవర్ లైసెన్స్ వివరాలు కావాలి, లాయర్ కావాలి, వాయిదాలు తిరగాలి. యాక్సిడెంట్ జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 38,000 కోసం ఈ దారి పట్టమని నేను చెప్పలేను, తిరుగుడుకే అది కరిగిపోతుంది.

ఎప్పుడు పట్టమంటానంటే, మీకు ఓన్ డ్యామేజ్ కవర్ లేకుండా థర్డ్ పార్టీ మాత్రమే ఉండి నష్టం లక్షల్లో ఉన్నప్పుడు. లేదా కారులో ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడు. మీరు ఆ విషయం రాయలేదు. వెనక సీట్లో పెద్దవాళ్ళో పిల్లలో ఉన్నారా? వెనక నుంచి గుద్దితే మెడ పట్టేయడం, వీపు నొప్పి ఆ రోజు తెలియవు, తెల్లారి లేస్తే తెలుస్తాయి. అలాంటిది ఏమన్నా ఉంటే డాక్టర్‌కి చూపించి చీటీ రాయించుకోండి, స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ఓనర్‌తో రాజీ మాటలు అప్పటిదాకా ఆపండి. బండి సొట్ట కంటే అది ముఖ్యం.

అవతలి బండికి ఇన్సూరెన్స్ ఉందో లేదో ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే తెలుస్తుంది, ఎప్పటిదాకా ఉందో తేదీ కనిపిస్తుంది. ఇన్సూరెన్స్ అయిపోయిన బండి అయితే ట్రిబ్యునల్ తీర్పు వచ్చినా ఓనర్ జేబునుంచే రావాలి. ఇది తెలుసుకుని ఓనర్‌తో మాట్లాడితే ఎంతవరకు పట్టుబట్టాలో మీకే అర్థమవుతుంది.

ఇక రెండో కంపెనీ సంగతి. మీరు చూసిన కొటేషన్‌లో "పోయిన ఏడాది క్లెయిమ్ తీసుకున్నారా" అని అడిగిన చోట "లేదు" అని టిక్ పెడితే 50 శాతం వచ్చింది. మీరింకా క్లెయిమ్ వేయలేదు కాబట్టి ఈ రోజుకి అది నిజమే. కానీ ఈ కంపెనీలో క్లెయిమ్ వేసి, అక్కడ "లేదు" అని పెట్టి పాలసీ తీసుకోవద్దు. దయచేసి వద్దు. కంపెనీ మారితే బోనస్ సున్నా అయిన సంగతి వాళ్ళకి ఎలా తెలుస్తుందిలే అని చాలామంది అనుకుంటారు. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి నిర్ధారించుకుంటుంది. అప్పుడు తెలియకపోయినా, పెద్ద క్లెయిమ్ వచ్చినప్పుడు మొట్టమొదట తీసేది ఆ కాగితమే.

గుంటూరులో ఉన్నప్పుడు ఒకాయన బండి సర్వేకి వెళ్ళాను. కాజా టోల్‌గేట్ దాటాక లారీ పక్కనుంచి రాసుకుపోయింది, రెండు డోర్లు, పిల్లర్ పోయాయి, లక్షా ఎనభై వేల ఎస్టిమేట్. యాక్సిడెంట్‌లో ఆయన తప్పు ఇసుమంత లేదు. కానీ అంతకుముందు ఏడాది చిన్న బంపర్ క్లెయిమ్ తీసుకుని, కంపెనీ మారేటప్పుడు బోనస్ ఉందని రాయించారు. రాయించింది ఏజెంట్, సంతకం ఈయనది. ఏడాదికి మూడు నాలుగు వేలు మిగిలాయి అప్పుడు. క్లెయిమ్ మొత్తం తిరస్కరించారు. ఆయన కారు పక్కన నిలబడి పాలసీ కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకోవడం నాకింకా కళ్ళముందు ఉంది. నా రిపోర్ట్‌లో నష్టం ఎంతో రాయగలిగాను కానీ అంతకుమించి ఏమీ చేయలేకపోయాను.

ఇంకో చిక్కు కూడా ఉంది. మీ పాత కంపెనీ పంపే రెన్యువల్ మెసేజ్‌లో 50 శాతం బోనస్ అని వచ్చే అవకాశం ఉంది, క్లెయిమ్ ఇంకా వాళ్ళ సిస్టమ్‌లో ఎక్కకముందే ఆ మెసేజ్ తయారై ఉంటుంది. అది చూసి కట్టేసి ఊరుకోవద్దు. కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ ఉందని చెప్పి సరైన మొత్తం కట్టండి. అలాగే యాక్సిడెంట్ ఏ పాలసీ కాలంలో జరిగితే ఆ పాలసీలోనే క్లెయిమ్. రెన్యువల్ అయ్యాక కొత్త పాలసీలో వేద్దాం అన్న ఆలోచన పనికిరాదు.

క్లెయిమ్ వేశాక కంపెనీ మారకూడదా అంటే, నిక్షేపంగా మారవచ్చు. నా మాట అడిగితే, క్లెయిమ్ వేసిన ఏడాదే నాలుగు చోట్ల రేట్లు కనుక్కోవడం మరీ అవసరం. ఎందుకంటే బోనస్ సున్నా అన్నది ఏ కంపెనీలో అయినా సున్నాయే, కానీ బోనస్‌కి ముందు ఉండే ఓన్ డ్యామేజ్ రేటు 2007 జనవరి 1 నుంచి కంపెనీల ఇష్టం. బోనస్ కాకుండా కంపెనీ తన తరఫున ఇచ్చే డిస్కౌంట్ ఒకటి ఉంటుంది. క్లెయిమ్ ఉన్న బండికి కొన్ని కంపెనీలు ఆ డిస్కౌంట్ కూడా కోసేస్తాయి, కొన్ని పెద్దగా పట్టించుకోవు. అంటే పాత కంపెనీలో 9,000 అన్నది 10,500 కావచ్చు, ఇంకో చోట 7,800కి దొరకవచ్చు. మీ పాత క్లెయిమ్ రిపేర్ ఇంకా నడుస్తున్నా కంపెనీ మారడానికి అడ్డేమీ లేదు, ఆ డబ్బు పాత కంపెనీయే కడుతుంది.

రేట్లు పోల్చేటప్పుడు కింద వచ్చిన మొత్తం చూసి మురిసిపోవద్దు. ముందు ఐడీవీ చూడండి. ఒకరు 4.6 లక్షలకి, ఇంకొకరు 3.7 లక్షలకి కొటేషన్ ఇస్తే రెండోది చవగ్గానే కనిపిస్తుంది, బండి పోయిన రోజు తెలుస్తుంది తేడా. అన్నిచోట్లా ఒకే ఐడీవీ పెట్టి అడగండి. తర్వాత జీరో డెప్. మీ కారుకి ఐదేళ్ళు నిండుతున్నాయి. చాలా కంపెనీలు ఐదేళ్ళ దగ్గర జీరో డెప్ ఆపేస్తాయి, కొన్ని ఏడేళ్ళ దాకా ఇస్తాయి. పోయిన ఏడాది లేని కవర్ ఇప్పుడు కావాలంటే బండి ఇన్‌స్పెక్షన్ అడగవచ్చు, కాబట్టి రిపేర్ పూర్తయ్యాకే అడగండి. ఈ యాక్సిడెంట్‌లో తరుగు కింద మీకు 11,000 పైన పోయింది. జీరో డెప్ ఉండి ఉంటే ఇది దాదాపు అంతా వచ్చేది. ప్రీమియం తగ్గించుకోవడానికి దాన్ని తీసేయడం నాకు నచ్చదు, మన హైదరాబాద్ ట్రాఫిక్‌లో అసలు నచ్చదు. ఇక మీరు నిజంగా వెళ్ళే షెడ్డులో ఆ కంపెనీకి క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా షెడ్డుకి కట్టే ఏర్పాటు) ఉందో లేదో షెడ్డువాళ్ళనే అడగండి, వెబ్‌సైట్ లిస్టు కంటే వాళ్ళ మాట నమ్మకం.

బోనస్ కాపాడే కవర్ అని ఒకటి అమ్ముతారు, ఏడాదిలో ఒకటి రెండు క్లెయిములు వేసినా బోనస్ పోదు. అది యాక్సిడెంట్‌కి ముందే తీసుకుని ఉండాలి. మీ ప్రస్తుత పాలసీలో ఉందేమో ఒకసారి చూడండి, ఉంటే నేను ఇప్పటిదాకా వేసిన లెక్క తిరగబడుతుంది, హాయిగా క్లెయిమ్ వేయండి. కాకపోతే అది అదే కంపెనీలో రెన్యువల్ చేస్తేనే చెల్లుతుందా అన్నది షరతుల్లో చదవండి.

మీరు వచ్చే ఏడాదిలో కారు మార్చే ఆలోచనలో ఉంటే ఇంకో మాట. బోనస్ కారుది కాదు, మీది. పాత కారు అమ్మేసి కొత్తది కొంటే దాన్ని కొత్త కారుకి తెచ్చుకోవచ్చు, పాత కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే మూడేళ్ళ దాకా పనికొస్తుంది. కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 24,000 అయితే 50 శాతం అంటే మొదటి ఏడాదిలోనే 12,000. అలాంటప్పుడు ఈ 26 వేల క్లెయిమ్ వేయడం దండగ. మీ పరిస్థితిలో క్లెయిమ్ వేయాలా వద్దా అన్నది తేల్చేది, నా దృష్టిలో, ఆటో ఓనర్ ఇచ్చే డబ్బు తర్వాత ఇదే.

ఒకవేళ ఇప్పటికే ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకుని ఉంటే కంగారు పడకండి. డబ్బు తీసుకోకముందు వెనక్కి తీసుకోవచ్చు. మెయిల్‌లో రాసి, క్లెయిమ్ ఏమీ చెల్లించకుండా మూసేశామని వాళ్ళ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. రెన్యువల్ నాటికి అది పెండింగ్‌లో కనిపిస్తే బోనస్ ఇవ్వరు. అలాగే ఈ పాలసీ ఏడాదిలో ఇప్పటికే ఏదన్నా క్లెయిమ్ అయి ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, మీ బోనస్ ఎలాగూ పోయింది, రెండో దెబ్బకి క్లెయిమ్ వేయడానికి వెనకాడక్కర్లేదు.

మీరు ఒకవేళ క్లెయిమ్‌కే వెళితే, బండి నడుపుకుంటూ షెడ్డుకి వెళ్ళి బంపర్ మార్పించేసి తర్వాత కంపెనీకి చెప్పడం మాత్రం చేయకండి. ముందు కంపెనీకి చెప్పాలి, సర్వేయర్ చూడాలి, తర్వాతే రిపేర్. సిగ్నల్ దగ్గర తీసిన ఫోటోలు ఉన్నాయన్నారు, ఆటో నంబర్ కనిపించేవి, రెండు బళ్ళు ఆనుకుని ఉన్నవి వేరుగా దాచి పెట్టండి. క్లెయిమ్ విషయంలో కంపెనీ అన్యాయంగా కోత పెడితే ముందు వాళ్ళకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, ముప్పై రోజుల్లో జవాబు లేకపోయినా, జవాబు నచ్చకపోయినా, హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ అదే. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

రెన్యువల్ తేదీ మాత్రం ఏ కారణంతోనూ దాటనివ్వకండి. రేట్లు కనుక్కుంటూ, కొటేషన్లు పోలుస్తూ ఒక్క రోజు ఆలస్యం చేసినా మళ్ళీ ఇన్‌స్పెక్షన్ అంటారు. బోనస్ ఉన్నవాళ్ళకి 90 రోజులు దాటితే అది పూర్తిగా పోతుంది. థర్డ్ పార్టీ లేకుండా రోడ్డెక్కితే మొదటిసారి 2,000 జరిమానా, అది చిన్న విషయం. ఆ రోజుల్లో మీ బండి ఎవరికన్నా తగిలితే కట్టాల్సింది మీ జేబునుంచే, అది చిన్న విషయం కాదు.

ఈ వారంలో బంపర్ ఊడదీయించి పూర్తి ఎస్టిమేట్ తీసుకోండి. మీ ప్రస్తుత పాలసీలో బోనస్‌కి ముందు ఓన్ డ్యామేజ్ ఎంత ఉందో ఆ అంకె, కొత్త ఎస్టిమేట్, ఆటో ఓనర్ ఎంతకి వచ్చాడో ఇక్కడ రాయండి. పేర్లు, నంబర్లు అక్కర్లేదు. మీ లెక్క నేను వేసి పెడతాను.